మునగడం తేలికే, తేలడమే కష్టం

నీళ్లలో మునగడానికి పెద్ద విద్య అక్కర్లేదు, రాయి కూడా మునుగుతుంది. మనుషుల్ని ఒక డబ్బాలో కూర్చోబెట్టి సముద్రం అడుక్కి దించి, చూడాల్సినవి చూశాక సాయంత్రానికి క్షేమంగా పైకి తేవడం మాత్రం తొంభై ఏళ్లకు పైగా ఇంజినీర్లను ముప్పుతిప్పలు పెడుతోంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది బలానికి సంబంధించిన సమస్యలా కనిపిస్తుంది. గోడ ఎంత మందంగా కడితే అంత లోతుకు పోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మందం పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. మందం పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వాహనం తేలదు, తేలనిది తిరిగి రాదు. సబ్‌మెర్సిబుల్ డిజైన్‌లో ఏ చిన్న నిర్ణయం తీసుకున్నా చివరికి ఈ బరువు లెక్క దగ్గరికే వస్తుంది. 2023లో ఐదుగురిని పొట్టన పెట్టుకున్న టైటాన్ కథ కూడా ఈ లెక్కను తప్పించుకోవాలన్న ఆశతోనే మొదలైంది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. నౌకాదళాల సబ్‌మెరైన్ వారాలు, నెలల తరబడి తనంతట తాను తిరుగుతుంది, కానీ అది వెళ్లేది కొన్ని వందల మీటర్ల లోతుకే. సబ్‌మెర్సిబుల్ ఇద్దరో ముగ్గురో పట్టే చిన్న వాహనం. ఓడ మీద వస్తుంది, ఉదయం దిగుతుంది, బ్యాటరీ అయిపోయేలోగా మళ్లీ ఓడ దగ్గరికే చేరుతుంది. లోతు మాత్రం వేల మీటర్లు.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతూ పోతుంది. 6,000 మీటర్ల దగ్గర అది 600 రెట్లు దాటుతుంది. పసిఫిక్‌లో మరియానా ట్రెంచ్‌లోని ఛాలెంజర్ డీప్ 10,900 మీటర్ల పైచిలుకు లోతు. అక్కడ చదరపు సెంటీమీటరుకు టన్నుకు పైగా బరువు పడుతుంది. అంటే బొటనవేలి గోరు మీద ఓ చిన్న కారును నిలబెట్టినట్టు. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఇదేమీ తెలియదు. వాళ్లు పీల్చేది మామూలు గదిలో ఉండే పీడనంలోని గాలే. అందుకే స్కూబా డైవర్లలా పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగాల్సిన పని లేదు, రక్తంలో నైట్రోజన్ బుడగలు వస్తాయన్న భయమూ లేదు. ఆ సుఖానికి ధర చెల్లించేది గోడ. లోపలికీ బయటికీ ఉన్న తేడా మొత్తాన్ని అదొక్కటే మోయాలి.

గోళం ఎందుకు, రెండు మీటర్లే ఎందుకు

ఆ గోడ గోళంగా ఉండటానికి కారణం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఒకే వ్యాసం, ఒకే మందం ఉన్న సిలిండర్‌నూ గోళాన్నీ పక్కపక్కన పెడితే, సిలిండర్ గోడలో పుట్టే ఒత్తిడి గోళంలో కన్నా రెట్టింపు. గోళంలో ఏ బిందువు దగ్గరైనా అన్ని దిక్కులా భారం సమానంగా పంచుకుంటుంది. సిలిండర్‌లో చుట్టూ ఉన్న దిశ ఎక్కువ మోస్తుంది, పొడవు దిశ తక్కువ మోస్తుంది. సిలిండర్‌కు రెండు చివర్లా మూతలు బిగించాలి, ఆ అతుకుల దగ్గర మళ్లీ కొత్త తలనొప్పి. కాబట్టి బాగా లోతుకు పోయేవన్నీ గోళాన్నే నమ్ముకున్నాయి.

గోళమైనా అది నిజంగా గోళంలా ఉండాలి. బయటి నుంచి నొక్కుడు పడే పెంకు రెండు రకాలుగా పోవచ్చు. ఒకటి, లోహం తన బలం అయిపోయి లొంగిపోవడం. రెండోది, బలం ఇంకా మిగిలి ఉండగానే ఒక్కసారిగా లోపలికి సొట్టపడటం. ఈ రెండో దానికి గుండ్రదనంలో చిన్న లోపం చాలు. ఎక్కడో ఒక చోట వంపు కొంచెం చదునుగా ఉంటే ఒత్తిడి ఆ చోటునే వెతుక్కుంటుంది. అందుకే అర్ధగోళాలను పోతపోసి లేదా కొట్టి తయారు చేశాక లోపలా బయటా యంత్రం మీద చెక్కి, వందల చోట్ల కొలతలు తీస్తారు.

ఇక అసలు లెక్కకు వద్దాం. గోళం వ్యాసం రెట్టింపు చేస్తే, అదే లోతుకు గోడ మందం కూడా రెట్టింపు చేయాలి. అప్పుడు పెంకు బరువు ఎనిమిది రెట్లవుతుంది. అది తోసేసే నీటి బరువు కూడా ఎనిమిది రెట్లే అవుతుంది. అంటే గోళం చిన్నదైనా పెద్దదైనా, తేలుతుందా మునుగుతుందా అన్నది పరిమాణం తేల్చదు. లోతు తేలుస్తుంది, లోహం తేలుస్తుంది. పెద్దది కడితే ఏదో కలిసొస్తుందనుకునే ఆశకు ఇక్కడ చోటు లేదు.

రెండు నిజమైన వాహనాలతో దీన్ని సరిచూడొచ్చు. జపాన్ వారి షింకాయ్ 6500 గోళం లోపలి వ్యాసం 2 మీటర్లు, టైటానియం గోడ మందం 73.5 మిల్లీమీటర్లు. పెంకు బరువు గుణించి చూస్తే నాలుగున్నర టన్నులకు కాస్త లోపు వస్తుంది, అది తోసేసే సముద్రపు నీరు ఐదు టన్నుల పైన. అంటే ఖాళీ గోళం తనంతట తానే తేలుతుంది. ఇప్పుడు పూర్తి లోతుకు, అంటే ఛాలెంజర్ డీప్ దాకా వెళ్లేలా కట్టిన లిమిటింగ్ ఫ్యాక్టర్ అనే వాహనాన్ని చూడండి. లోపలి వ్యాసం 1.5 మీటర్లు, గోడ 90 మిల్లీమీటర్లు, లోహం అదే టైటానియం. పెంకు మూడు టన్నులు దాటుతుంది, తోసేసే నీరు రెండున్నర టన్నుల దగ్గరే ఆగిపోతుంది. మనుషులు ఎక్కకముందే, బ్యాటరీలు పెట్టకముందే అది రాయిలా మునిగే వస్తువు. 6,500 మీటర్లకూ 11,000 మీటర్లకూ మధ్య ఎక్కడో ఆ గీత దాటిపోతాం. ఆ గీతకు అవతల గోళం ఇక ఆశ్రయం మాత్రమే కాదు, మోయాల్సిన బరువు కూడా.

6,000 నుంచి 7,000 మీటర్ల తరగతిలో వేర్వేరు దేశాలు కట్టిన వాహనాలు చూస్తే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫ్రాన్స్ నాటీల్, ఫిన్లాండ్‌లో తయారైన రష్యా మిర్ జంట, చైనా జియావోలాంగ్, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేస్తున్న మత్స్య 6000, అన్నిటి గోళమూ 2.1 మీటర్లే. ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారని అనుకోనక్కర్లేదు. ఒక పైలట్, ఇద్దరు పరిశీలకులు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి అంతకన్నా తక్కువైతే కుదరదు. దాన్ని 2.5 మీటర్లు చేస్తే గోళం బరువు దాదాపు 70 శాతం పెరుగుతుంది. దాంతో చట్రం పెరుగుతుంది, తేలించే పదార్థం పెరుగుతుంది, ఎత్తి దించే క్రేన్ పెరుగుతుంది, చివరికి ఓడే మార్చాల్సి వస్తుంది. కాస్త కాళ్లు చాపుకోవడానికి అంత ఖర్చు ఎవరూ పెట్టరు.

పెట్రోలు బెలూన్ నుంచి గాజు నురగ దాకా

మొదటివాళ్లు తేలే సమస్యను పట్టించుకోనే లేదు, తాడు కట్టేశారు. విలియం బీబ్, ఓటిస్ బార్టన్ 1930 నుంచి బెర్ముడా దగ్గర దిగిన బాతిస్ఫియర్ ఒక ఉక్కు గోళం, ఉక్కు తాడుకు వేలాడేది. 1934లో 923 మీటర్లు వెళ్లారు. లోపల గాలిని కదపడానికి తాటాకు విసనకర్రలు వాడారు. తాడు తెగితే కథ ముగిసినట్టే, గోళం తనంతట తాను పైకి రాదు. పైగా లోతు పెరిగే కొద్దీ తాడు తన బరువే తాను మోయలేని స్థితికి వస్తుంది. ఓడ అలల మీద ఊగితే ఆ కుదుపు నేరుగా గోళానికే తగులుతుంది.

ఆ తాడును తెంచింది ఆగస్ట్ పికార్. ఆయన 1931లో బెలూన్‌లో దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లొచ్చిన భౌతిక శాస్త్రవేత్త. ఆ బెలూన్‌నే తలకిందులుగా ఆలోచించాడు. గాలిలో హైడ్రోజన్ పైకి లాగినట్టు నీళ్లలో నీటికన్నా తేలికైనది ఏదో లాగాలి. వాయువు పనికిరాదు, నలిగిపోతుంది. ద్రవమైతే పెద్దగా నలగదు. అలా పెట్రోలు ఎంచుకున్నాడు. 1960 జనవరి 23న ఆయన కొడుకు జాక్ పికార్, అమెరికా నౌకాదళ అధికారి డాన్ వాల్ష్ ఛాలెంజర్ డీప్ అడుగు తాకిన ట్రియెస్ట్‌లో సుమారు 85,000 లీటర్ల పెట్రోలు ఉంది. మనుషులు కూర్చున్నది దాని పొట్ట కింద వేలాడే, దాదాపు 13 టన్నుల ఉక్కు గోళంలో. పెట్రోలు తొట్టికి మందపాటి గోడ అక్కర్లేదు, ఎందుకంటే అడుగున సముద్రపు నీరు నేరుగా లోపలికి వచ్చి పీడనాన్ని సమం చేస్తుంది. తెలివైన ఏర్పాటే కానీ బండది. దిగే కొద్దీ పెట్రోలు నీటికన్నా ఎక్కువగా కుంచించుకుపోతుంది, చల్లబడుతుంది, దాని ఎత్తుడు శక్తి తగ్గుతుంది. అంటే వాహనం దిగుతున్న కొద్దీ ఇంకా వేగంగా దిగాలని చూస్తుంది, ఇనుప గుళ్లు వదులుతూ దాన్ని నిలవరించాలి. దిగడానికి నాలుగు గంటల ముప్పావు పట్టింది, అడుగున ఉన్నది 20 నిమిషాలు. అదీ రేగిన బురదలో ఫోటో ఒక్కటీ రాకుండా.

పెట్రోలును పక్కకు నెట్టింది సింటాక్టిక్ ఫోమ్. పేరు ఘనంగా ఉన్నా విషయం సాదా. కంటికి కనిపించనంత చిన్న, లోపల ఖాళీగా ఉండే గాజు గుళికలను ఎపాక్సీ జిగురులో కలిపి గట్టిపడనిస్తారు. చేతితో తడితే రాయిలా ఉంటుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. మామూలు నురగ లోతుకు పోతే అప్పడంలా అణిగిపోతుంది, ఇది అణగదు. ఎందుకంటే ప్రతి గుళికా ఒక చిన్న గోళమే కాబట్టి. మనుషులున్న గోళానికి పనిచేసిన సూత్రమే ఇక్కడ కోట్ల సంఖ్యలో పనిచేస్తుంది. అయితే ఉచితంగా ఏదీ రాదు. లోతు పెరిగితే గుళికల గోడలు మందం కావాలి, ఫోమ్ బరువెక్కుతుంది. పూర్తి లోతుకు పనికొచ్చే రకం ఘనమీటరుకు సుమారు 300 నుంచి 350 కిలోలు మాత్రమే ఎత్తగలదు. అంటే వాహనంలో ఎక్కడో ఒక 100 కిలోలు పెరిగితే, దానికోసం ఘనమీటరులో దాదాపు మూడో వంతు ఫోమ్ అదనంగా అతికించాలి. ఆ ఫోమ్‌ను పట్టుకోవడానికి చట్రం, ఆ చట్రానికి మళ్లీ కొంచెం ఫోమ్. డిజైనర్లు గ్రాముల దగ్గర పిసినారితనం చూపిస్తారంటే అందుకే.

2012 మార్చి 26న జేమ్స్ కామెరాన్ ఒంటరిగా ఛాలెంజర్ డీప్‌కు వెళ్లిన డీప్‌సీ ఛాలెంజర్ ఈ పిసినారితనానికి పరాకాష్ఠ. గోళం లోపలి వ్యాసం 1.1 మీటర్లే, గోడ 64 మిల్లీమీటర్ల ఉక్కు. వాహనం పరిమాణంలో 70 శాతం ఫోమే. ఆ ఫోమ్‌నే వెన్నెముకగా కూడా వాడుకున్నారు, వేరే లోహపు చట్రం పెట్టి బరువు పెంచకుండా. అడ్డంగా కాకుండా నిలువుగా, బాణంలా దిగేలా కట్టారు కాబట్టి రెండున్నర గంటల పైచిలుకులో అడుగు చేరింది. దిగే సమయం తగ్గితే బ్యాటరీ మిగులుతుంది, బ్యాటరీ మిగిలితే బరువు మిగులుతుంది. అయినా అది ఒకే మనిషి వాహనం, పూర్తి లోతుకు ఒకే ఒక్కసారి వెళ్లింది. ముగ్గురిని అదే లోతుకు పంపాలనుకున్న చైనావాళ్లకు పాత టైటానియం మిశ్రమం సరిపోలేదు. టీఐ62ఏ అని మరింత బలమైన కొత్త మిశ్రమం తయారు చేసుకోవాల్సి వచ్చింది. దానితో కట్టిన ఫెన్‌దౌజె 2020 నవంబరులో ముగ్గురితో 10,909 మీటర్లు చేరింది.

పైకి రావడానికి ఇంజిన్ల మీద ఆధారపడకూడదన్నది ఈ రంగంలో ఎవరూ తప్పని నియమం. వాహనం సహజంగా తేలేదిగా ఉండాలి. దిగడానికి ఉక్కు పలకలు అరువు తెచ్చుకుంటుంది, పైకి రావాలంటే వాటిని వదిలేస్తుంది. ఆ పలకలను విద్యుదయస్కాంతాలతో పట్టి ఉంచడంలో ఒక సొగసు ఉంది. కరెంటు పోతే పట్టు దానంతటదే వదులుతుంది. అంటే వైఫల్యం కూడా పైకే తీసుకొస్తుంది. దానికి తోడు ఉప్పు నీటిలో కొన్ని గంటల్లో కరిగిపోయే లోహపు ముడి ఒకటి పెడతారు. లోపలివాళ్లంతా స్పృహ తప్పినా ఆ ముడి తన పని తాను చేసుకుపోతుంది. అమెరికా పరిశోధన వాహనం ఆల్విన్ తొలి రూపంలో ఇంకా ఒక మెట్టు ముందుకెళ్లి, మరీ చిక్కుకుపోతే శరీరాన్నంతా వదిలేసి మనుషులున్న గోళం ఒక్కటే పైకి తేలే ఏర్పాటు పెట్టారు.

గోడలో ప్రతి రంధ్రమూ ఒక బేరం

రంధ్రం లేని గోళం డిజైన్ చేయడం సులువు. కానీ మనిషి లోపలికి దూరాలి, బయటికి చూడాలి, వైర్లు పోవాలి. ప్రతి రంధ్రం చుట్టూ ఒత్తిడి గుమికూడుతుంది, అక్కడ గోడను మందం చేయాలి, మళ్లీ బరువు.

తలుపు సంగతి వింటే భయమేస్తుంది కానీ నిజానికి అదే తక్కువ బెంగ పెట్టేది. తలుపు బయటి నుంచి కూర్చుంటుంది, అంచు ఏటవాలుగా ఉంటుంది. 6,000 మీటర్ల లోతులో అర మీటరు వెడల్పు తలుపు మీద దాదాపు 1,200 టన్నుల నొక్కుడు పడుతుంది. దాన్ని ఎవరూ తెరవలేరు, తెరవాలనుకున్నా కుదరదు. గొళ్లేలు పనికొచ్చేది అలల మీద ఉన్నప్పుడే.

కిటికీలది ఇంకో తరహా. బీబ్ కాలంలో 3 అంగుళాల క్వార్ట్జ్ గాజు వాడారు. గాజు గట్టిదే కానీ చెప్పాపెట్టకుండా పగులుతుంది. పికార్ యాక్రిలిక్‌కు మారాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. కిటికీ ఆకారం కొన తీసేసిన శంకువు, వెడల్పు వైపు బయటికి. నీరు నొక్కే కొద్దీ అది తన గూటిలోకి మరింత బిగుసుకుంటుంది. యాక్రిలిక్ పీడనం కింద కొంచెం కొంచెంగా సాగి గూటికి సర్దుకుంటుంది, పాడయ్యేముందు సన్నటి గీతలు చూపిస్తుంది. అంటే మెత్తదనమే ఇక్కడ సుగుణం. అందుకే మనుషులుండే పీడన పాత్రల ప్రమాణాల్లో యాక్రిలిక్ కిటికీలకు ఇంత ఆయుర్దాయం, ఇన్ని డైవ్‌లు అని రాసే ఉంటుంది, గడువు తీరితే బాగున్నా మార్చాల్సిందే. 1,000 మీటర్ల లోపు తిరిగేవాటిలో గోళం మొత్తం యాక్రిలిక్‌తోనే చేస్తారు, గాలిబుడగలో కూర్చున్నట్టుంటుంది. అంతకు మించి లోతుకు పోయేవాటిలో చిన్న చిన్న కిటికీలతో సరిపెట్టుకోవాలి. ఇక్కడ డిజైనర్లు ఒకప్పుడు పెద్ద పొరపాటే చేశారు. పైలట్ చూసేది ఒకటి, శాస్త్రవేత్త చూసేది ఇంకొకటి అయ్యేలా కిటికీలు పెట్టేవాళ్లు. "ఆ రాయి తియ్యి" అంటే ఏ రాయో తెలియదు. 2013లో ముగిసిన మార్పుల్లో ఆల్విన్‌కు మూడు కిటికీల స్థానంలో ఐదు పెట్టి, ఒకరి చూపు మరొకరి చూపుతో కలిసేలా చేశారు.

గోళం బయట ఉండేవాటికి వేరే ఉపాయం. మోటార్లు, బ్యాటరీలు, హైడ్రాలిక్ పంపులు అన్నిటికీ మందపాటి పెట్టెలు కడితే బరువు చేయిదాటుతుంది. అందుకని పల్చటి పెట్టెలో నూనె నింపి, ఒక పక్క రబ్బరు సంచి పెడతారు. సముద్రం ఆ సంచిని నొక్కుతుంది, నూనె పీడనం బయటితో సమానమవుతుంది, పెట్టెకు ఏ భారమూ ఉండదు. గాలి ఉన్న చోటే ముప్పు, గాలి లేకపోతే నలగడానికి ఏమీ లేదు. గాలితో మిగిలిన ప్రతి చిన్న డబ్బా, ప్రతి కెమెరా పెట్టె, ప్రతి బోలు గాజు గోళం ఒక చిన్న బాంబులాంటిదే. ఒకటి లోపలికి పేలితే ఆ తాకిడికి పక్కనున్నవీ పేలొచ్చు. 2014 మేలో కెర్మడెక్ ట్రెంచ్‌లో 9,900 మీటర్ల దగ్గర నీరియస్ అనే మానవరహిత వాహనం ముక్కలైపోయింది. దానిని తేలించే బోలు పింగాణీ గోళాల్లో ఒకటి పేలి ఉంటుందని ఇంజినీర్ల అంచనా. అదృష్టం, లోపల ఎవరూ లేరు.

టైటాన్ ఎక్కడ తప్పింది

ఇంతదాకా చెప్పిన లెక్క చూస్తే ఒక ఆలోచన ఎవరికైనా రావచ్చు. టైటానియం కన్నా మూడో వంతు బరువుండే పదార్థం దొరికితే? కార్బన్ ఫైబర్ సరిగ్గా అలాంటిది. గోడ తేలికైతే ఫోమ్ తగ్గుతుంది, గోళానికి బదులు పొడవాటి సిలిండర్ కట్టొచ్చు, ఐదుగురిని ఎక్కించొచ్చు, చిన్న ఓడ చాలు. టికెట్లు అమ్మి సాగే వ్యాపారానికి ఇంతకన్నా ముద్దొచ్చే లెక్క ఉండదు. టైటాన్ అదే. 5 అంగుళాల మందపు కార్బన్ ఫైబర్ సిలిండర్, రెండు చివర్లా టైటానియం ఉంగరాలు జిగురుతో అతికించి, వాటికి టైటానియం డోములు బిగించారు. 2023 జూన్ 18న టైటానిక్ శకలాల దగ్గరికి, అంటే సుమారు 3,800 మీటర్లకు దిగుతూ అది లోపలికి పేలిపోయింది.

కార్బన్ ఫైబర్ పేరు మోసింది లాగినప్పుడు చూపించే బలానికి. విమానాల్లో, లోపలి నుంచి నొక్కే గ్యాస్ సిలిండర్లలో దారం లాగుడు మీద ఉంటుంది. సముద్రంలో జరిగేది తిరగబడిన పని, దారాన్ని నొక్కుతున్నారు. దారం నొక్కుడుకు వంగుతుంది, దాన్ని వంగకుండా పట్టి ఉంచేది చుట్టూ ఉన్న జిగురు. ఆ జిగురు పొరల మధ్య గాలి బుడగలున్నా, ముడతలున్నా అక్కడ పొరలు విడిపోవడం మొదలవుతుంది. ఒక్కో డైవ్‌కు కొంచెం కొంచెంగా అది పెరుగుతుంది. టైటానియం గోళాన్ని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి పగులు ఎంతుందో, ఎన్ని డైవ్‌లకు ఎంత పెరుగుతుందో లెక్కగట్టే అనుభవం దశాబ్దాలది. ఇంత మందపాటి కార్బన్ గోడకు అలాంటి అనుభవం లేదు. పైగా టైటానియం, కార్బన్ ఫైబర్ పీడనానికి ఒకేలా కుంచించుకోవు. రెండూ కలిసే చోట జిగురు ఆ తేడాను ప్రతిసారీ భరించాలి. 2022 జులైలో ఒక డైవ్ చివర పెద్ద శబ్దం వచ్చిందని, ఆ తర్వాత గోడ మీది సెన్సర్ల రీడింగులు మారాయని దర్యాప్తులో బయటపడింది. ఆ వాహనాన్ని కెనడా చలికాలమంతా ఆరుబయట ఉంచారు. ఇది నివారించగలిగిన ప్రమాదమేనని అమెరికా కోస్ట్ గార్డ్ 2025 ఆగస్టు నివేదికలో తేల్చింది.

శబ్దం విని ముందే కనిపెడతామన్నది టైటాన్‌ను నడిపిన ఓషన్‌గేట్ కంపెనీ భరోసా. గోడకు మైకులు అంటించారు. గోడ చిటపటమంటుంటే హెచ్చరికే, కానీ 3,000 మీటర్ల లోతులో ఆ హెచ్చరిక విన్నాక చేయగలిగిందేముంది? పైకి రావడానికి గంటకు పైగా పడుతుంది. గోడ పోవడానికి సెకనులో చిన్న భాగం చాలు. వినికిడి యంత్రం డిజైన్ లోపాన్ని భర్తీ చేయదు.

ఓడల, సబ్‌మెర్సిబుల్‌ల భద్రతను తనిఖీ చేసే క్లాస్ సొసైటీల సర్టిఫికెట్ తీసుకోకపోవడాన్ని ఆ కంపెనీ బహిరంగంగానే సమర్థించుకుంది, నియమాలు కొత్తదనానికి అడ్డొస్తాయని. ఈ వాదన వినడానికి బాగుంటుంది కానీ అదే కాలంలో జరిగిన ఇంకో పని దీన్ని కొట్టేస్తుంది. అమెరికా సాహసయాత్రికుడు విక్టర్ వెస్కోవో కోసం ట్రైటన్ కంపెనీ కట్టిన లిమిటింగ్ ఫ్యాక్టర్ కూడా అంతకు ముందు లేనిదే, ఏ లోతుకైనా మళ్లీ మళ్లీ వెళ్లొచ్చే మొదటి మనుషుల వాహనం. దాని గోళాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పీడన గదిలో పెట్టి, ఛాలెంజర్ డీప్‌ను మించిన పీడనంతో నొక్కి చూశారు. రెండు అర్ధగోళాలను వెల్డింగ్ లేకుండానే కలిపారు, వెల్డు ఉంటే అది అనుమానించాల్సిన చోటు కాబట్టి. డీఎన్‌వీ జీఎల్ అనే క్లాస్ సొసైటీ సర్టిఫికెట్ ఇచ్చింది. 2019లో అది ఛాలెంజర్ డీప్‌కు వెళ్లొచ్చి, కొద్ది రోజులకే మళ్లీ వెళ్లింది. కొత్తదనానికి సర్టిఫికెట్ అడ్డు రాలేదు. అది కోరింది ఖర్చు, ఓపిక, ఇద్దరికి మించి ఎక్కించకపోవడం.

లోపలి గాలి

పీడనం గురించి ఇంత చెప్పుకున్నా, సబ్‌మెర్సిబుల్ చరిత్రలో గోడ పగిలి మనుషులు చనిపోయింది తక్కువ. ఊపిరి సంగతి అంతకన్నా సాదా, అంతకన్నా మొండి. చాలామంది ఆక్సిజన్ అయిపోవడం గురించి టెన్షన్ పడతారు కానీ ముందు చంపేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. 2.1 మీటర్ల గోళంలో ముగ్గురు ఊరికే కూర్చున్నా, దాన్ని పీల్చే ఏర్పాటు లేకపోతే రెండు మూడు గంటల్లో అది 3 శాతానికి చేరుతుంది. తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి ఆక్సిజన్ ఇంకా 17, 18 శాతం దగ్గర ఉంటుంది. ఒక్కో మనిషి రోజుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మత్స్య 6000కు పెట్టుకున్నట్టు 96 గంటల అత్యవసర నిల్వ కావాలంటే ముగ్గురికి 12 కిలోలు పీల్చాలి. దాన్ని పీల్చే రసాయనం సోడా లైమ్ తన బరువులో నాలుగో వంతు పీలిస్తే గొప్ప, అంటే దాదాపు 50 కిలోలు. లిథియం హైడ్రాక్సైడ్ తక్కువ బరువుతో పని కానిస్తుంది, కానీ దాని ధూళి ఊపిరితిత్తులకు ఘాటు. ఆక్సిజన్‌నూ ఎడాపెడా వదలకూడదు. 23 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంటవుతుంది, పారిపోవడానికి చోటు లేదు.

1973 జూన్‌లో ఫ్లోరిడా దగ్గర జాన్సన్ సీ లింక్ అనే సబ్‌మెర్సిబుల్ కేవలం 110 మీటర్ల లోతులో మునిగిన ఓడ శకలాల్లో చిక్కుకుంది. ముందు భాగం యాక్రిలిక్ గోళం, వెనక గది అల్యూమినియం. అల్యూమినియం వేడిని త్వరగా బయటికి వదిలేస్తుంది కాబట్టి వెనక గది చల్లబడిపోయింది. ఆ చలికి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే రసాయనం సరిగా పనిచేయలేదు. వెనక ఉన్న ఇద్దరూ చనిపోయారు, ముందున్న ఇద్దరూ బతికారు. గోడ ఎక్కడా పగల్లేదు. గోడ లోహాన్ని ఎంచుకున్నప్పుడు అది వేడిని ఎంత పోనిస్తుందో కూడా ఊపిరితో ముడిపడి ఉంటుందని ఎవరూ ఊహించలేదు.

పైకొచ్చాకే అసలు గండం

అదే 1973 ఆగస్టులో ఐర్లండ్ తీరానికి దూరంగా పైసిస్ 3 అనే సబ్‌మెర్సిబుల్ పైకి తేలింది, పని అయిపోయింది. ఓడకు కట్టే తాడు వెనక గది మూతకు తగులుకుని దాన్ని ఊడబెరికింది. నీరు నిండిన వాహనం 480 మీటర్ల అడుక్కి పడిపోయింది. ఇద్దరిని 76 గంటల తర్వాత బయటికి తీశారు. ఆల్విన్ కూడా 1968లో అడుగున కాదు, దించుతుండగా మునిగింది. తాళ్లు తెగాయి, లోపలున్నవాళ్లు తలుపులోంచి దూకి బయటపడ్డారు, వాహనం 1,500 మీటర్ల లోతుకు చేరింది. మరుసటి ఏడాది పైకి తీస్తే లోపల వదిలేసిన శాండ్‌విచ్‌లు తడిసి ఉన్నా పెద్దగా పాడవలేదు. లోతు సముద్రపు చలిలో, పీడనంలో కుళ్లు ఎంత నెమ్మదిగా సాగుతుందో శాస్త్రవేత్తలకు తెలిసింది అలా. అలలు, ఊగే ఓడ, 20 టన్నులు వేలాడే తాడు, ఇవన్నీ కలిసే ఆ కొన్ని నిమిషాలకు కంప్యూటర్ మీద గీసిన గోళం ఎంత బలమైనదైనా పెద్దగా పనికిరాదు. మళ్లీ బరువే. తేలికైన వాహనాన్ని ఎత్తడం తేలిక.

ఇంత తంటా పడి మనుషులే ఎందుకు వెళ్లాలి, రోబోలు చాలవా అనే ప్రశ్న సమంజసమే. చాలా పనులకు అవి చాలు. 1995లోనే జపాన్ కైకో ఎవరూ లేకుండా ఛాలెంజర్ డీప్ చేరింది. 1977లో గాలపాగోస్ దగ్గర సముద్రగర్భపు వేడి ఊటలను మొదట పసిగట్టింది ఓడ వెనక లాక్కెళ్లిన కెమెరానే. ఉష్ణోగ్రత ఒక్కసారి ఎగబాకిన చోట తీసిన కొన్ని ఫోటోల్లో ఆల్చిప్పల గుంపు కనబడింది. ఆ తర్వాత ఆల్విన్‌లో దిగినవాళ్లే సూర్యకాంతి లేకుండా అక్కడ బతుకుతున్న లోకం ఎంత పెద్దదో దగ్గర నుంచి చూశారు. వెతకడానికి యంత్రం నయం. దొరికింది ఏమిటో తెలియనప్పుడు పక్కకు తిరిగి చూడగలిగే మనిషి నయం. ఈ రెండో పని ఎంత ముఖ్యమన్న దాని మీదే ఈ గోళాల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

అప్పటిదాకా డైవ్‌కు ముందు జరిగే తంతు మారదు. వెళ్లబోయే శాస్త్రవేత్తలను వాళ్ల సంచీ, స్వెట్టరు, టిఫిన్ డబ్బాతో సహా తూకం వేస్తారు. రోబో చేతి ముందున్న బుట్టలో పెట్టే ప్రతి పరికరాన్నీ గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి రాసుకుంటారు. అడుగు నుంచి ఎన్ని కిలోల రాళ్లు తేవచ్చో ముందే చెబుతారు. ఆ రోజు నీటి సాంద్రతను బట్టి ఎన్ని ఉక్కు పలకలు తగిలించాలో లెక్క కడతారు. పరిశీలకుడు సన్నగా ఉంటే, ఆ మేరకు నాలుగు సీసపు దిమ్మలు తెచ్చి సీటు కింద పెడతారు.